తువ్వాలు కింద ఓటు

ఓటు రహస్యంగా వెయ్యాలని ఇప్పుడు పసిపిల్లల పాఠాల్లో కూడా రాస్తున్నారు. ఎవరి దగ్గర దాస్తే అది రహస్యమవుతుందో మాత్రం ఎవరూ రాయరు. నేను మొట్టమొదటి ఓటు వేసింది పోలింగు బూత్‌లో కాదు. చోడవరంలో ఒక ఖాళీ బెల్లం గోదాములో, మా నాన్న అరచేతిలో వేశాను. ఇన్నేళ్ళూ ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు, చెప్పుకోదగ్గ సంగతి కాదు గనక.

యాభైల మొదట్లో మాట. చదువుకున్నవాడికీ లేనివాడికీ, భూమి ఉన్నవాడికీ లేనివాడికీ అందరికీ ఓటొచ్చిందని ఊరంతా ఒకటే సంబరం. ఎలక్షన్లు ముంచుకొస్తున్నాయి. మా పార్టీ తరఫున ఎవరు నిలబడాలన్నది ముందు తేలాలి. పార్టీ పేరెందుకు లెండి, అప్పట్లో ఖద్దరు కట్టిన ప్రతివాడూ అందులోనే ఉండేవాడు. టిక్కెట్టు కావాలన్నవాళ్ళు ఇద్దరు తేలారు. "మీలో మీరు తగువులు పడకుండా ఒక్క పేరు పంపండి, దాన్నే పైకి పంపుతాం" అని విశాఖపట్నం నుంచి జిల్లావాళ్ళు కబురు చేశారు. ఆ ఇద్దరూ కాక చోడవరం కమిటీలో మేం ఇరవై ఇద్దరం సభ్యులం. అందులో నేనొకణ్ణి, మా నాన్నొకడు.

టిక్కెట్టు అడిగినవాళ్ళలో ఒకరు మా మాస్టారు. బోర్డు హైస్కూల్లో నాకు లెక్కలు చెప్పారు. తెల్లవాళ్ళ కాలంలో జైలుకెళ్ళి ఉద్యోగం పోగొట్టుకుని, స్వతంత్రం వచ్చాక మళ్ళీ అదే స్కూల్లో చేరినాయన. ఇప్పుడు టిక్కెట్టు అడగాలంటే బోర్డు ఉద్యోగంలో ఉండకూడదన్నారు. రెండోసారి వదిలేశారు. ఇంట్లో ఆయన భార్యా, పెళ్ళి కావలసిన వయసులో ఎవరూ లేకపోయినా అన్నం అడిగే నలుగురు పిల్లలూ ఉన్నారు. "ఇదేం పని మాస్టారూ, టిక్కెట్టు రాకపోతేనో?" అని నేనంటే, "వస్తుందిరా, మనవాళ్ళు పదకొండు మంది ఖాయం, ఇంకొక్కడు రాకపోతాడా" అని వేళ్ళ మీద లెక్కపెట్టి చూపించారు. ఆ పదకొండులో నా పేరు మూడోదో నాలుగోదో ఉంది. నేను తలూపాను. అంతకు ముందే ఒక సాయంత్రం వాళ్ళింట్లో కూర్చుని "నా ఓటు మీకే మాస్టారూ" అని ఆయన చేతిలో చెయ్యేసి చెప్పాను. ఎవరూ అడక్కుండానే చెప్పాను. ఆ వయసులో మాటివ్వడమంటే అంత సరదాగా ఉండేది.

రెండో ఆయన తాలూకా కచేరీ దగ్గర ప్లీడరుగారు. ఆయన్ని చెడ్డవాడని అనిపించేలా రాస్తే పాపం తగులుతుంది. కలెక్టరొచ్చినా ఎదురుగా కుర్చీ వేసుకుని ఇంగ్లీషులో మాట్లాడగల మనిషి. రావికమతం వైపు రోడ్డు సగమైనా పడిందంటే ఆయన రాసిన అర్జీల వల్లే. మా నాన్నకైతే ఆయన దేవుడు. ఎందుకంటే మా నాన్న వృత్తి ఎడ్ల బేరం. వడ్డాది సంతలో అమ్మేవాడికీ కొనేవాడికీ మధ్య కూర్చుని బేరం కుదిర్చేవాడు. ఒకసారి ఆయన కుదిర్చిన ఎద్దు ఒకటి దొంగసొత్తని తేలింది. పోలీసులు దొంగని వదిలేసి మా నాన్నని పట్టుకెళ్ళి మూడు రోజులు స్టేషను కొట్లో పెట్టారు. ఆ మూడు రోజులూ ఊళ్ళో ఒక్కడు కూడా స్టేషను గుమ్మం ఎక్కలేదు. మాస్టారు అప్పుడు ఊళ్ళో లేరు, అదీ నిజమే. ప్లీడరుగారు మాత్రం పిలవకుండా వచ్చి, ఫీజు మాట ఎత్తకుండా మా నాన్నని బయటికి తెచ్చి, తన బండిలో పక్కన కూర్చోబెట్టుకుని బజారు మధ్యనుంచి ఇంటికి తీసుకొచ్చారు. మా నాన్న విడుదలైనందుకు కాదు, ఆ బండిలో పక్కన కూర్చోబెట్టుకున్నందుకు ఏడ్చాడు.

అందుచేత ఆ నెల్లాళ్ళూ నా బుర్రలో వీళ్ళిద్దరూ కుమ్ముకుంటూనే ఉన్నారు. రిజిస్ట్రారాఫీసు అరుగు మీద కూర్చుని దస్తావేజులు రాసేవాణ్ణి నేను. ఆ చేతిరాత మాస్టారు పెట్టిన భిక్ష. ఎదురుగా కక్షిదారు సరిహద్దులు చెబుతూంటే నేను మాస్టారు గెలిస్తే ఏమవుతుంది, ప్లీడరు గెలిస్తే ఏమవుతుంది అని లెక్కలు వేసుకుంటూ తూర్పుకి పడమర రాసేసి తిట్లు తినేవాణ్ణి. ఊరికి పని జరగాలంటే ప్లీడరే మేలనిపించేది పొద్దున్న. కూలివాడి మాట అసెంబ్లీలో వినబడాలంటే మాస్టారే వెళ్ళాలనిపించేది మధ్యాహ్నం. చివరికి తేల్చుకున్నాను, మాస్టారికే అని. మాటిచ్చానని ఒక్కటే కాదు. ఆలోచించే తేల్చుకున్నాను. ఇది చెప్పడం అవసరం, ఎందుకంటే తరవాత జరిగింది తెలివితక్కువతనం వల్ల జరిగింది కాదు.

మా నాన్న ఇంట్లో ఒక్కసారి కూడా ఫలానా వాళ్ళకి వెయ్యమని అనలేదు. అన్నా బాగుండేది, పోట్లాడేవాణ్ణి. "మాస్టారు మంచోడే" అనేవాడు అన్నం తింటూ, అడక్కుండానే. కాసేపాగి, "మంచోడే" అని మళ్ళీ అనేవాడు. నేను కంచంలోంచి తలెత్తేవాణ్ణి కాదు.

మీటింగు ఆదివారం మధ్యాహ్నం పెట్టారు. చెరుకు ఇంకా గానుగలకి రాలేదు, బెల్లం గోదాము ఖాళీగా ఉంది. నేలంతా పాత బెల్లం జిడ్డు, కాళ్ళకి అంటుకునేది. ఎదురుగా రెండు కుర్చీలు వేసి కుడి పక్కన ప్లీడరుగారినీ ఎడం పక్కన మాస్టారినీ కూర్చోబెట్టారు. వాళ్ళిద్దరూ బయటికెళ్ళి నిలబడితే సగం గొడవ ఉండేది కాదు. కానీ అంత పెద్దవాళ్ళని బయట నిలబెట్టడం మర్యాద కాదని మావాళ్ళ ఉద్దేశం.

మొదట చేతులెత్తమన్నారు. ప్లీడరుగారికి ఎవరెవరు అంటే పద్నాలుగు చేతులు లేచాయి. మాస్టారికి ఎవరెవరు అంటే పదహారు లేచాయి. ఎదురుగా కూర్చున్న మనిషి మొహం చూస్తూ చెయ్యి దించుకుని కూర్చోవడం ఎలాగో మావాళ్ళకి తెలీదు. అడిగినవాళ్ళందరికీ ఎత్తారు. మళ్ళీ ఎత్తించారు, మళ్ళీ అంతే. చీటీలు రాద్దామన్నారు. సభ్యుల్లో తొమ్మండుగురికి రాయడం రాదు. వాళ్ళకి రాసిపెట్టవలసినవాణ్ణి నేను. "వాడు మాస్టారి శిష్యుడు కదా" అని ప్లీడరుగారి వైపు నుంచి ఎవరో అన్నారు. ప్లీడరుగారు వాళ్ళని కసిరారు గానీ, చీటీల మాట అక్కడితో పడిపోయింది.

అప్పుడు లేచాడు గానుగ ముసలాయన. చెరుకు గానుగల దగ్గర బెల్లం వండే పొయ్యి ఎగదోసే పని ఆయనది. పనివాళ్ళలోంచి కమిటీలో ఉన్నది ఆయనొక్కడే. మాస్టారితో పాటు జైలుకెళ్ళి, అక్కడ ఒకే కంబళి కింద పడుకున్న మనిషి. మాస్టారు ఎక్కడ కనిపించినా "ఏం, ఒంట్లో బాగుందా?" అని ఆయన్ని పలకరించకుండా కదిలేవారు కాదు. ముసలాయనకి ఊళ్ళో ఉన్న గౌరవమంతా ఆ పలకరింపే.

"ఏటి బాబూ ఇంత బుర్ర బద్దలు కొట్టుకుంటన్నారు?" అన్నాడు. "సంతలో ఎద్దుని ఎలగ బేరమాడతన్నాం? తువ్వాలు కింద సెయ్యెట్టి కాదా? ఎవులికైనా తెలస్తందా? అలగే సేసీండి. సెయ్యి పట్టడానికి మనకి మనిసున్నాడు కదా" అని మా నాన్నని చూపించాడు.

గోదామంతా ఒక్కసారి తేలిగ్గా ఊపిరి పీల్చుకుంది. ఇంతమందికీ తెలిసిన పద్ధతి ఎదురుగా ఉండగా ఎందుకింతసేపు చేతులెత్తి చచ్చామా అన్నట్టు నవ్వుకున్నారు. తెలియనివాళ్ళకి ఆ పద్ధతి చెప్పాలి. ఎడ్ల సంతలో ధర పైకి చెప్పరు. బేరగాడు తువ్వాలు కప్పుకుని చెయ్యి చాపుతాడు. ఎద్దు గలవాడు తువ్వాలు కింద ఆ అరచేతిలో వేళ్ళు పెడతాడు. ఎన్ని వేళ్ళయితే అంత ధర. ఎక్కువనిపిస్తే బేరగాడు ఒక వేలు మడుస్తాడు, కొంచెం దిగిరా అని. దిగడం ఇష్టం లేకపోతే ఎద్దు గలవాడు ఆ వేలు మళ్ళీ చాపుతాడు. మడవడం, చాపడం ఎన్నిసార్లయినా జరగొచ్చు. చివరికి చేతిలో ఏ వేళ్ళు మిగిలితే అదే ఖాయం. చుట్టూ వందమంది ఉన్నా ఒక్కడికీ తెలీదు. మా నాన్న ఒక్క సంతరోజున ముప్ఫై బేరాలు పట్టేవాడు, కాగితం మీద గీత కూడా గీసేవాడు కాదు. ఫలానా ఎద్దు ఎంతకి పోయిందని కట్టుకున్న పెళ్ళాం అడిగినా చెప్పేవాడు కాదు.

ప్లీడరుగారు సరేనన్నారు. మాస్టారు నవ్వుతూ "ఆ చెయ్యి అబద్ధమాడదు, నాకు సమ్మతమే" అన్నారు. ప్లీడరుగారికి ఒక వేలు, మాస్టారికి రెండు వేళ్ళు అని నిర్ణయించారు.

మా నాన్న లేచి నిలబడ్డాడు. "అందరి సేతులూ నా సేతిలోకొస్తన్నాయి. అలాటప్పుడు నా ఓటు నాను యేసుకోడం బాగోదు. నాకొద్దు" అన్నాడు. అందరూ శభాష్ అన్నారు. ఆయన ఓటు ఎటు పడేదో అందరికీ తెలుసు గనక మాస్టారు కుర్చీలోంచి లేచి దండం పెట్టారు. ఆయన కొడుకునన్న గర్వంతో నా గుండె పొంగింది. ఇప్పుడు తలుచుకుంటే ఆ గర్వం మీద కూడా కోపమొస్తుంది.

మా నాన్న గోడవారగా గోనె మీద కూర్చుని, కుడిచేతి మీద తువ్వాలు కప్పుకున్నాడు. ఒక్కొక్కరే వెళ్ళి ఎదురుగా గొంతుక్కూర్చుని తువ్వాలు కిందికి చెయ్యి పోనిచ్చి, క్షణంలో లేచి వచ్చేస్తున్నారు. గానుగ ముసలాయన వంతు వచ్చినప్పుడు మాత్రం కొంచెం ఆలస్యమైంది. ఒకప్పుడు కాగే బెల్లం పాకం చేతిమీద పడి ఆయన వేళ్ళు కొంకర్లు పోయాయి, చాపాలంటే సమయం పడుతుంది. తువ్వాలు అటూ ఇటూ కదులుతోంది, ఆయన భుజం కూడా కదులుతోంది. అందరూ చూశారు. లేచి వచ్చి, మాస్టారి వైపు చూసి తల పంకించి వెళ్ళి తన చోట కూర్చున్నాడు.

నేను చివరివాణ్ణి.

తువ్వాలు కింద మా నాన్న అరచెయ్యి వెచ్చగా, చెమటగా ఉంది. చిన్నప్పుడు సంతకి తీసుకెళ్ళి ఆ అరచేతిలోనే నాకు బేరం నేర్పాడు. నేను రెండు వేళ్ళు పెట్టాను. చూపుడువేలు, మధ్యవేలు. ఆయన చెయ్యి మూసుకుంది. ఇక వదుల్తాడనుకుని లేవబోయాను. వదల్లేదు. బొటనవేలితో నా మధ్యవేలుని నెమ్మదిగా, నొప్పి పెట్టకుండా, నా అరచేతిలోకి మడిచాడు. మడిచి అలాగే ఉండిపోయాడు.

ఆయన మొహం చూశాను. ఆయన నన్ను చూడటం లేదు. గోదాము తలుపు వైపు, ఎండలోకి చూస్తున్నాడు. మొహంలో ఏమీ లేదు. సంతలో కూడా ఆయన మొహంలో ఏమీ ఉండేది కాదు. పట్టు గట్టిగా కూడా లేదు. వేలు చాపితే చాలు, చాపుకునేంత ఖాళీ ఉంచాడు. నాకు తెలుసు. చాపొచ్చని నాకు నేర్పింది ఆయనే.

ఎంతసేపని? మూడు ఊపిర్లు ఉంటుందేమో. ఆ మూడు ఊపిర్లలో నేను ఏమీ ఆలోచించలేదు. ప్లీడరుగారి బండి గుర్తొచ్చిందనీ, నాన్న కన్నీళ్ళు గుర్తొచ్చాయనీ రాస్తే అందంగా ఉంటుంది, కానీ అబద్ధం. నాకేమీ గుర్తు రాలేదు. వేలు నాదే, నా మాట వినలేదు. ఇరవై మూడేళ్ళవాణ్ణి, పెళ్ళయినవాణ్ణి, నలుగురి దస్తావేజులు రాసి బతుకుతున్నవాణ్ణి, ఆ అరచేతిలో మళ్ళీ ఆరేళ్ళవాణ్ణి అయిపోయాను. ఒక్క వేలు చాపలేక నీరుగారి కూర్చున్నాను. ఆయన మెత్తగా ఒకసారి నొక్కి, చెయ్యి వదిలేశాడు. లేచి వచ్చేశాను. నాకూ ఆలస్యమైందన్న సంగతి ఎవరూ పట్టించుకోలేదు. తండ్రీ కొడుకులు కదా, ఎవరికేం అనుమానం?

మా నాన్న లేచి, తువ్వాలు దులిపి భుజాన వేసుకుని చెప్పాడు. "ప్లీడరుగారికి పదకొండు. మాస్టారికి పది."

మాస్టారి మొహం నేను చూడలేదు. చూడకుండా ఉండటానికి కాలికంటిన బెల్లం గోకుతూ కూర్చున్నాను. ఎవరో మళ్ళీ లెక్కించాలని అరిచారు. మాస్టారే వాళ్ళని ఆపారు. "ఒద్దు. ఆ చెయ్యి పట్టుకోవడానికి మనమే ఒప్పుకున్నాం" అన్నారు. వెళ్ళి ప్లీడరుగారిని కౌగలించుకున్నారు. ప్లీడరుగారు మాడుగుల నుంచి తెప్పించి ఉంచిన హల్వా అందరికీ పంచిపెట్టారు, ఓడినా గెలిచినా పంచాలనే తెప్పించానన్నారు. అందులో కూడా అబద్ధం ఉండి ఉండదు. నా ముక్క జేబులో వేసుకున్నాను. నెయ్యి చొక్కాకి దిగి ఆ మరక ఎంత ఉతికినా పోలేదు.

ఇంటికెళ్ళే దారిలో మా నాన్నని నిలదీశాను. 

"నా వేలెందుకు మడిచేవు నాన్నా?"

"మడిచేను. నువ్వు సాపలేదు" అన్నాడు నడక ఆపకుండా. "సాపితే రెండే లెక్కెడదును. నా ఒంట్లో రగతం ఉండగా లెక్క తప్పు సెప్పనురా."

"అది ఓటు, ఎద్దు బేరం కాదు."

"తువ్వాలు కిందకొచ్చేక బేరమే. సివరాకర్ని ఏటి మిగిలితే అదే. నీకు తెల్దా?"

తెలుసు. మా ఇరవై ఇద్దరికీ తెలుసు. తువ్వాలు కింద రహస్యం ఉంటుందన్నది ఒక్కటే గుర్తుపెట్టుకుని, అక్కడ చెయ్యి బేరమాడుతుందన్న సంగతి మర్చిపోయాం. ప్లీడరుగారు అంత చదువుకున్నారు, ఆయనా మర్చిపోయారు.

"ఇంకెవరి వేలైనా మడిచేవా?" అన్నాను.

అప్పుడు ఆగాడు. అంత కోపం ఆయన కళ్ళల్లో నేనెప్పుడూ చూడలేదు. "ఒరే, తువ్వాలు కింద సంగతి అడక్కూడదు. కొడుకువైనా సరే, దేవుడైనా సరే." అంతే, మళ్ళీ నడక. మిగతా దారంతా నేను రెండు బారలు వెనకే నడిచాను.

ఆ ప్రశ్నకి జవాబు నేనే కట్టుకున్నాను. మాస్టారు లెక్కపెట్టుకున్నది పదకొండు. వచ్చినవి పది. తప్పినవాణ్ణి నేను. అంటే మిగతా పదిమందీ ఉన్నచోటే ఉన్నారు. మా నాన్న మడిచింది నా వేలొక్కటే అయినా అయ్యుండాలి, లేదా అందరి వేళ్ళూ మడిస్తే వాళ్ళంతా మళ్ళీ చాపుకుని ఉండాలి. ఈ రెండింటిలో ఏది నిజమో తెలీదు. రెండోదే అయితే ఆ గోదాములో చాపలేనివాణ్ణి నేనొక్కణ్ణే. ఈ లెక్క మా నాన్నకి తెలుసు, నాకు తెలుసు, మూడోవాడికి తెలీదు.

మూడోవాడికి తెలీకపోవడం వల్ల వచ్చింది అసలు చిక్కు. నలుగురైదుగురు చేరి, మాస్టారి పదకొండు మందిలో ద్రోహం చేసిందెవరని ఆరా మొదలెట్టారు. వాళ్ళకి ఎంతోసేపు పట్టలేదు. తువ్వాలు కింద అంతసేపు పెనుగులాడిందెవరు? ప్రతి ఏడూ చెరుకు రోజుల్లో ప్లీడరుగారి గానుగ దగ్గర పొయ్యి ఎగదోసేదెవరు? గానుగ ముసలాయనే. ప్లీడరుగారికి భయపడ్డాడన్నారు. రెండు వేళ్ళు పెట్టి ఒకటి తీసేసుకున్నాడన్నారు. ఆ మాట నా ఎదురుగానే, రిజిస్ట్రారాఫీసు అరుగు మీదే అన్నారు. నేను దస్తావేజు రాస్తూనే ఉన్నాను.

మాస్టారు ఎవర్నీ ఏమీ అనలేదు. ఆయన అనే మనిషి కాదు. బోర్డు ఉద్యోగం తిరిగి ఇవ్వలేదు, ఇంటి దగ్గర పిల్లలకి ప్రైవేట్లు చెప్పుకోవడం మొదలుపెట్టారు. ముసలాయన బజారులో ఎదురుపడితే మాత్రం మొహం పక్కకి తిప్పుకుని వెళ్ళిపోయారట. అంతే చేశారు. ముసలాయన దండం పెట్టిన చేతులు పెట్టినట్టే ఉండగా ఆయన దాటి వెళ్ళిపోయారని చూసినవాళ్ళు చెప్పారు.

వారం తిరక్కుండా ముసలాయన నా దగ్గరికి వచ్చాడు. అరుగు ఎక్కలేదు, కింద ఎండలోనే నిలబడ్డాడు. మనిషి సగమైపోయాడు.

"బాబూ, నాను రెండు ఏళ్ళూ ఇచ్చేను" అన్నాడు, ఆ వంకర వేళ్ళు చాపడానికి ప్రయత్నిస్తూ. "ఇయ్యి సాగడానికి ఆలిసమయింది, అంతే. మీ నాన్నకి తెల్సు. ఆయన కాడికెళ్ళి కాళ్ళట్టుకున్నాను, ఒక్క మాట సెప్పు బాబూ, మాస్టారితో ఒక్క మాట సెప్పు అని. తువ్వాలు కింద సంగతి సెప్పకూడదన్నాడు. ఆయన రూలు ఆయనిది, నాను కాదన్ను. టిక్కెట్టు పోతే పోయింది. మాస్టారు నన్ను సూసి మొకం తిప్పుకుంటే నాను బతకలేను బాబూ. జైల్లో నాకు జెరమొస్తే ఆయన తన గంజి నాకు పోసేరు. మీరు ఆయన సిస్యులు. మీ మాటింటారు. నాను అలగ సెయ్యనేదని మీరొక్కసారి సెప్పండి."

"చెబుతాను" అన్నాను. నిజంగానే చెప్పాలనుకున్నాను. ముసలాయన తప్పు లేదని చెప్పాలంటే తప్పెవరిదో చెప్పాలి, అదీ తెలుసు. మా నాన్న పేరు కూడా బయటికొస్తుంది. తువ్వాలు కింద కొడుకు వేలు మడిచాడని తెలిస్తే సంతలో ఆ చేతిలో చెయ్యి పెట్టేవాడుండడు. అయినా చెప్పాలనే బయల్దేరాను. ముసలాయన "నాను ఇక్కడే కూకుంటాను" అని రోడ్డవతల గోడ నీడన చతికిలబడ్డాడు.

మాస్టారు వీధరుగు మీద పిల్లలకి లెక్కలు చెబుతున్నారు. నన్ను చూసి లేచి, పిల్లల్ని పంపేసి, లోపలికి కేకేశారు. "ఇదిగో, మనవాడొచ్చాడు. కంచం పెట్టు."

"మాస్టారూ, మీతో ఒక మాట చెప్పాలి" అన్నాను.

"నువ్వేం చెబుతావో నాకు తెలుసు" అన్నారు.  నా భుజం మీద చెయ్యేశారు. "నన్ను ఓదార్చడానికొచ్చావు. నాకేం బెంగ లేదురా. సొంత తండ్రి అటు ఉన్నా నువ్వు ఇటు నిలబడ్డావు చూడు, అది నా టిక్కెట్టు కంటే పెద్దది. ఆ రోజు గోదాములో నిన్ను చూస్తూ కూర్చున్నాను. నాన్న ఎదురుగా కూర్చుని రెండు వేళ్ళు పెట్టడం మాటలా? అంత ఆలస్యమైతే మీ నాన్న నిన్నేమైనా అంటాడేమోనని భయపడ్డాను."

ఆయన గమనించారు. నాకు ఆలస్యమవడం ఊరు మొత్తంలో ఆయనొక్కరే గమనించారు. గమనించి, అది నా ధైర్యమనుకున్నారు.

నోరు తెరిచాను.  మాస్టారి భార్య గుమ్మంలోకి వచ్చి "చేతులు కడుక్కో నాయనా, చల్లారిపోతుంది" అన్నారు. ఆనపకాయ పులుసు, కొంచెం కందిపచ్చడి. వాళ్ళ పిల్లలు తలుపు చాటునుంచి కంచం వైపు చూస్తున్నారు. మారు వడ్డించబోతే ఒద్దన్నాను. ఇంకోసారి ప్రయత్నించాను. "గానుగ ముసలాయన..." అని మొదలుపెట్టాను.

మాస్టారి మొహం మూసుకుపోయింది. "ఆ మాట ఎత్తకు. అతన్ని నేనేమీ అనను. కానీ ఆ మాట ఎత్తకు" అన్నారు.

ఎత్తలేదు. అన్నం తిన్నాను. మజ్జిగ కూడా పోసుకుని తిన్నాను. కంచం కడిగేశాను. మాస్టారు వీధి చివరిదాకా నాతో వచ్చి సాగనంపారు.

గోడ నీడ జరిగిపోయి ముసలాయన ఎండలో కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి గోడ పట్టుకుని లేచాడు. "సెప్పేరా బాబూ?"

చెప్పలేకపోయానని అనొచ్చు. అది కూడా అనలేకపోయాను. "చెప్పాను" అన్నాను. "ఆయన నమ్మలేదు."

 ముసలాయన ఆ చాపుకోలేని వేళ్ళతోనే చేతులు రెండూ ఎత్తి నాకు దండం పెట్టాడు.

"పోన్లెండి బాబూ. నా తరపుని మీరొక్కరైనా మాటాడేరు. అది సాలు" అన్నాడు.